నీళ్ళ దొంగ

అంబులెన్స్ అంటే నడిచేది, లాటిన్‌లో అంబులారే అంటే నడవడం, ఆ రోజు అన్నయ్యని అందులో పడుకోబెట్టి తీసుకెళ్తుంటే పక్కన కూర్చున్న నాకు తట్టింది అదే, ఇది నడిస్తే ఎలా, పరిగెత్తాలి కదా అని, మూతి ఒక పక్కకి వంకరపోయి, మాట రాక, కళ్ళు మాత్రం తిప్పుతున్న మనిషి ఎదురుగా ఉంటే చెల్లెలన్నది ఏడవాలా, మాటకి మూలం వెతుక్కోవాలా, ఏడుపు రాలేదు, మూలమే వచ్చింది, ఇప్పుడు మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందంటే బయట రోడ్డు మీద అంబులెన్సేదో కూత పెట్టుకుంటూ పోయింది, ఈ వరండా బెంచీ మీద నా పక్కన కూర్చున్న అన్నయ్య తల అటు తిప్పాడు, తిప్పాడు కదా, నేను చూశాను, లేకపోతే తిప్పాలని కోరుకున్నానా, అన్నయ్యా అంబులెన్స్ అన్నాను, నా వంక చూశాడు, కుడిచెయ్యి ఒళ్ళో ఎవరో మర్చిపోయిన వస్తువులా పడుంది, ఎడమచేత్తో దాన్ని సర్దుకున్నాడు, ఎదురుగా తలుపు మీద స్పీచ్ థెరపీ అని బోర్డు, థెరపీ గ్రీకు మాట, సేవ చేయడం, పక్కనుండి కనిపెట్టుకోవడం, ఈ మాటకి వివరణ రాసింది నేనే, బాగా రాశావే అని అన్నయ్య ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యకుండా వదిలిన అతి కొద్ది వాటిలో అదొకటి, వదిన పొద్దున గుమ్మం దగ్గర సంచీ చేతికిచ్చి ఒకటే అప్పగింతలు, శాలువా తీయనివ్వకు, మాత్ర భోజనం తర్వాత, బాత్రూమ్‌కి వెళ్తాడేమో చూసుకో, పలచటి నీళ్ళు పట్టకు పొరబోతుంది, ఫ్లాస్కులో పొడి కలిపి చిక్కగా చేసి పెట్టాను, మధ్యమధ్యలో చెంచాతో పడుతూ ఉండు, ఆయన అడగలేడు, నువ్వే కనిపెట్టుకుని ఉండాలి, అలాగే వదినా, అలాగే వదినా, వదిన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది, ఎవరితో మాట్లాడినా కాలు నేర్పేవాళ్ళ వైపుండే రెండో బ్రేకు మీద పెట్టుకున్నట్టే మాట్లాడుతుంది, ఇవాళ కొత్తవాళ్ళకి లైసెన్సు పరీక్ష ఉండబట్టి రాలేకపోయింది గానీ నా చేతికి మొగుణ్ణి అప్పగించే మనిషి కాదు, ఇవాళ అన్నయ్యకి కూడా పరీక్షే, ఆ సంగతి తల్చుకుంటే నా కాళ్ళు ఒకచోట నిలవడంలేదు, లేచి మెషీన్ దగ్గరికి వెళ్ళి ఇంకో కాఫీ తెచ్చుకున్నాను.

పరీక్ష అంటే ఏమీ లేదు, బొమ్మలు చూపిస్తారు, పేరు చెప్పాలి, మూడేళ్ళ పిల్లలు చెప్పే పేర్లు, అన్నయ్య జీవితమంతా పేర్లతోనే గడిపాడు, రంగుల షాపు పైన మా పబ్లిషర్ ఆఫీసు, మెట్లెక్కుతుంటే టర్పెంటైన్ వాసన, ఆ మాట కూడా ఒక చెట్టు గ్రీకు పేరే అని మొదటి రోజే మెట్ల మీద ఆపి చెప్పాడు, పై గదిలో ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో ఒకే కిటికీ, స్కూలు పిల్లల నిఘంటువుకి మాటల పుట్టుక రాయడం మా పని, అన్నయ్య తవ్వుతాడు, నేను పిల్లలకి అర్థమయ్యేట్టు రాస్తాను, మళ్ళీ ఆయనే కొట్టేస్తాడు, స్కూలంటే తీరిక, కంపెనీ అంటే రొట్టె కలిసి తినేవాళ్ళు, ఫోకస్ అంటే పొయ్యి, కండకి మజిల్ అన్న పేరొచ్చింది చిట్టెలుక నుంచి, చెయ్యి ముడిస్తే చర్మం కింద అది కదులుతుంది కాబట్టి, చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చొక్కా చెయ్యి మడిచి చూపించేవాడు, ఇదిగో ఎలుక, పట్టుకో చూద్దాం అని, నాకూ ఆయనకీ వయసులో చాలా తేడా, నాన్న పోయాక నాన్న కూడా ఆయనే, ఎక్కడికి వెళ్ళినా వెంటబడేదాన్నని తోక అని పిలిచేవాడు, నడివయసొచ్చినా తోకనే, అన్నం దగ్గర మా ఆట ఒకటుండేది, ఆయన పాత అర్థం చెప్తే నేను కొత్త మాట చెప్పాలి, తెల్లబట్టలవాడు అంటే క్యాండిడేట్, సీసం పనివాడు అంటే ప్లంబర్, దూరపు గొంతు అంటే టెలిఫోన్, వదిన కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఈ ఆట చూసి ముక్కున వేలేసుకుంది, మీ అన్నాచెల్లెళ్ళు కూర ఎలా ఉందో చెప్పరు గానీ గిన్నె ఎక్కడ పుట్టిందో చెప్తారు అంది, మనుషుల్నీ వదిలేవాడు కాదు, ఫిలిప్ అన్న పేరుగలవాళ్ళు ఎవరు కనిపించినా మీ గుర్రాలెలా ఉన్నాయి అని అడిగేవాడు, ఆ పేరుకి గుర్రాలంటే ఇష్టపడేవాడు అని అర్థం, జార్జ్ అంటే రైతు, పీటర్ అంటే రాయి, వదిన దగ్గర కారు నేర్చుకోవడానికొచ్చిన రాయిగారు ఒకాయన బండి ఎక్కడబడితే అక్కడ ఆపేస్తుంటే అది ఆయన తప్పు కాదే, నామకరణం తప్పు అని నవ్వాడు, వదినకి నవ్వు రాలేదు, తర్వాత వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది, నేను చూశాను.

కానీ పనిలో మహా కఠినం, రుజువు లేని మాట గడప దాటనిచ్చేవాడు కాదు, శాలరీ అన్న మాట దగ్గర నేను సైనికులకి జీతంగా ఉప్పు కొలిచి ఇచ్చేవారని ముచ్చటగా కథ రాసుకొస్తే, మాటలో ఉప్పు ఉంది, నిజమే, సైనికులు గోనె పట్టుకుని వరసలో నిలబడ్డారని నీకెవరు చెప్పారు, కథ బాగుంటే నిజమైపోతుందా తోకా అని ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీసేశాడు, నాకు ఒళ్ళు మండింది, ఏ మాటకైనా ఆధారం దొరక్కపోతే మూలం తెలియదు అని రాయమనేవాడు, అలా రాయడమంటే నాకు చచ్చేంత చిన్నతనం, ఆయనకి మాత్రం అదేదో పండగ, తెలియనిది తెలియదని రాశామంటే మిగతావన్నీ నమ్ముతారు అనేవాడు, మూలం తెలియదు, ఆ గదిలో ఆయన బల్ల మీద ఇప్పుడు దుమ్ము పడుతోంది, నేను తుడుస్తున్నాను, తుడుస్తుంటే ఎందుకమ్మా రోజూ అని పెద్ద ఎడిటర్ అడిగాడు, వస్తాడు కదండీ అన్నాను, ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

వస్తాడు, ఎందుకు రాడు, నడక వస్తోంది, కర్ర పట్టుకుని హాలంతా తిరుగుతున్నాడు, తిండి సొంతంగా తింటున్నాడు, మాటే, మాట ఒక్కటే, అఫేజియా అని డాక్టర్ అనగానే అ అంటే లేదు, ఫాసిస్ అంటే పలుకు, నాకు టక్కున విడిపోయింది, వదిన డాక్టర్ని పట్టుకుని తగ్గుతుందా, ఎన్నాళ్ళు పడుతుంది, మేమేం చెయ్యాలి అని అడుగుతోంది, నేను పక్కన నిలబడి మాటని విడదీసుకుంటున్నాను, మొదట్లో ఉత్త శబ్దాలే, తర్వాత మాటలొచ్చాయి గానీ ఒకదాని బదులు ఒకటి, ఆ మధ్య ఈ గదిలోనే థెరపిస్టు అమ్మాయి గొడుగు బొమ్మ చూపిస్తే చాలాసేపు చూసి నీడ అన్నాడు, ఆవిడ ఏదో గీసుకుంది, నా ఒళ్ళు జల్లుమంది, అంబ్రెల్లా అంటే చిన్న నీడే, అచ్చంగా లాటిన్‌లో చిన్న నీడ, తర్వాత ఇంట్లో హాల్లో ఫ్యాను వంక చూసి చేట అన్నాడు, వదిన చేటెందుకండీ ఇప్పుడు అంది, నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను, ఫ్యాను అన్న మాట చేటలోంచే పుట్టింది వదినా, వాన్నుస్ అంటే ధాన్యం చెరిగే చేట, ఆయన తప్పు చెప్పట్లేదు, పాత అర్థం చెప్తున్నాడు, ఇది మా ఆట, ఆయన ఆట ఆడుతున్నాడు, వదిన నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది, నిజంగానా అంది, ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో నాకు తెలుసు, నేనే పెట్టాను ఆ ఆశ, కెమెరా బొమ్మకి గది అన్నాడు, కెమెరా అంటే లాటిన్‌లో గది, ఇంకేం కావాలి, ఇదంతా కాకతాళీయమా, మా అన్నయ్య లోపల చెక్కుచెదరకుండా ఉన్నాడు, పై అంతస్తు కూలిపోతే పునాదిలోకి దిగి కూర్చున్నాడు, అక్కణ్ణించి నన్ను పిలుస్తున్నాడు, ఈ మాట అర్థమయ్యేది భూమ్మీద నాకొక్కదానికే, మరి ఈ అమ్మాయి మాత్రం కిందటిసారి మెల్లగా చెప్పింది, మేడమ్, వచ్చేసారి మొత్తం మళ్ళీ చూస్తాను, మెరుగుంటే కొనసాగిద్దాం, లేకపోతే ఇంట్లో చేయించుకునేవి కొన్ని నేర్పిస్తాను, ఇక్కడ వరసలో చాలామంది ఉన్నారు, ఇంట్లో చేయించుకోవడం అంటే ఏమిటో ఎవరికి తెలీదు, చేతులెత్తేశాం అనడానికి మర్యాద మాట, ఇవాళ్టితో తాడోపేడో, అన్నయ్య లోపల ఉన్నాడో లేడో ఇవాళ ఈ అమ్మాయితో ఒప్పించాలి, నిజం చెప్పాలంటే నాకే రుజువు కావాలి.

తలుపు తెరుచుకుంది, రండి సార్ అంది, అన్నయ్య కర్ర మీద లేచాడు, నేను కాఫీ కప్పు చెత్తబుట్టలో పడేసి సంచీ భుజానికి తగిలించుకుని వెనకాలే, తోకని కదా, చిన్న గది, బల్ల, మూడు కుర్చీలు, గోడకి నోరు తెరుచుకున్న మనిషి తల బొమ్మ, నాలుక ఎర్రగా, కిటికీకి తెర సగం వేసి ఎండ ఆపారు, ఎలా ఉన్నారు సార్ అంది, అన్నయ్య తలూపాడు, ఊపి గొంతు సవరించుకున్నాడు, పొడిగా, ఒకసారి నా వంకా సంచీ వంకా చూశాడు, భయపడకు అన్నయ్యా, నేనున్నాను, అట్టలు తీసింది, పిల్లి, అన్నయ్య చూశాడు, పాలు అన్నాడు, నా మెదడు చక్రంలా తిరగడం మొదలెట్టింది, పిల్లి, క్యాట్, లాటిన్‌లో కాట్టుస్, పాలెక్కడ, పాలు గెలాక్సీలో ఉన్నాయి, లెట్యూస్‌లో ఉన్నాయి, పిల్లిలో లేవు, పోనీ వదిలెయ్, ఒకటి పోతే పోయింది, చెంచా చూపించింది, మంగళవారం అన్నాడు, మంగళవారమేంటి అన్నయ్యా, ఇవాళ మంగళవారం కూడా కాదు, మంగళవారం అంటే రోమన్ల యుద్ధదేవుడి రోజు, చెంచాకి యుద్ధానికీ, స్పూన్ లాటినూ కాదు గ్రీకూ కాదు, అది ఉత్తర యూరప్ అడవుల్లోంచి వచ్చిన చెక్కపేడు, మనకి సంబంధం లేదు, ఆ బొమ్మ లెక్కలోంచి తీసెయ్యాలి అనిపించింది, నవ్వొచ్చింది నాకే, ఎర్ర పెన్సిల్ ఎక్కడో గీత గీస్తున్నట్టు అనిపించి కుర్చీలో కదిలాను, ఆవిడ ఫరవాలేదు సార్ అని ఇంకో అట్ట ఎత్తింది, బస్సు, అన్నయ్య కళ్ళు చిట్లించాడు, పెదవులు కదిపాడు, అందరూ అన్నాడు.

అందరూ, నేను కుర్చీలోంచి లేచే పోయాను, చూశారా, ఇప్పుడేమంటారు, బస్సు అన్నది మాట కూడా కాదండీ, తోకముక్క, ఓమ్నిబుస్ అని లాటిన్, అంటే అందరికీ అని, అందరికోసం తిరిగే బండి, ముందున్న అసలు మాట ఊడిపోయి వెనకున్న విభక్తి ఒక్కటే మిగిలి అదే బస్సయింది, ఆయన తెలిసే చెప్తున్నారు, అందరూ, అందరికీ, ఎంత దగ్గరో చూడండి, నా గొంతు పెద్దదైందని నాకే తెలుస్తోంది, ఆ అమ్మాయి విన్నది, ఓపిగ్గానే విన్నది, తర్వాత అంది, మేడమ్, బస్సులో అందరూ ఉంటారు కదా, ఒక్క మాటతో గాలి తీసేసింది, ఎండకీ వానకీ గొడుగేసుకుంటే నీడే కదా అంది, ఫ్యానూ చేటా రెండూ విసురుతాయి, ఆయనకి కావలసిన తలుపు దొరక్క పక్కింటి తలుపు తడుతున్నారు, ఇలా చాలామందికి జరుగుతుంది, లాటిన్ రానివాళ్ళకీ చదువురానివాళ్ళకీ కూడా, మరి కెమెరాకి గది అన్నాడే, అది ఏ పక్కింటి తలుపు, అన్నాను, ఏమో మేడమ్, అది నాకు తెలీదు అంది, తెలీదు అని ఎంత తేలిగ్గా అనేసింది, అన్నయ్య అయితే ఈ అమ్మాయిని అక్కడికక్కడ ఉద్యోగంలోకి తీసుకునేవాడు, నాకు ఒళ్ళు మండింది, ఆయన ఎడమచెయ్యి బల్ల మీద ఏదో వెతుకుతోంది, బల్ల అంచు తడుముతోంది, నేను ఆ చేతిని పట్టుకుని ఉండు అన్నయ్యా అన్నాను, ఇంకోటి చూపించండి, ఇంకోటి చూపిస్తే మీకే తెలుస్తుంది, పొద్దుణ్ణించీ ఇలాగే ఉంది నాకు, ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టు, కూర్చోలేను నిలబడలేను, ఆవిడ అట్టలు తిరగేస్తుంటే ప్రతి బొమ్మకీ ముందే మూలం సిద్ధం చేసుకుంటున్నాను, బల్ల అయితే పలక, కొవ్వొత్తి అయితే మెరుపు, పెన్ను అయితే ఈక, ఈక అను అన్నయ్యా, ఈక అని ఒక్క మాట అను, నేను మిగతాది చూసుకుంటాను, పెన్ను రాలేదు, గడియారం వచ్చింది.

గుండ్రటి గోడ గడియారం బొమ్మ, రెండు ముళ్ళు, అన్నయ్య దాని వంక చూశాడు, తర్వాత నా వంక, నాలుక బయటికొచ్చి కింది పెదవి తడుముకుంది, మళ్ళీ లోపలికి పోయింది, మాట నాలుక చివర ఆడుతోందని నాకు తెలుస్తోంది, ఊపిరి బిగబట్టాను, గొంతు కదిలింది, నీళ్ళు అన్నాడు, నీళ్ళు, నీళ్ళా, గడియారానికి నీళ్ళేంటి, క్లాక్ అంటే గంట, మోగే గంట, హోరా అంటే వేళ, నీళ్ళెక్కడివి, ఒక్క క్షణం చీకటి, ఆ వెంటనే గదంతా వెలుగు, క్లెప్సిద్రా, నీళ్ళ దొంగ, అయ్యో ఎలా మర్చిపోయాను, గ్రీకుల నీళ్ళ గడియారం, అడుగున చిల్లున్న కుండ, కోర్టులో వాదించేవాళ్ళకి సమయం కొలవడానికి పెట్టేవాళ్ళు, నీళ్ళు కారిపోతే మాట ఆపెయ్యాలి, క్లెప్ అంటే దొంగతనం, హుదోర్ అంటే నీళ్ళు, చెప్పేస్తున్నాను, ఆవిడకి చెప్పేస్తున్నాను, చేతులు తిప్పుతూ, కుండ ఎంతుంటుందో చూపిస్తూ, గ్రీకుల దాకా ఎందుకండీ, మన గడియారంలోనే ఉన్నాయి నీళ్ళు, గడియ అంటే ఘటిక, ఘటిక అంటే చిన్న కుండ, నీళ్ళలో తేలేసిన కుండ మునిగితే ఒక గడియ, ఇది ఏ పక్కింటి తలుపండీ, గడియారం బొమ్మ చూసి నీళ్ళు అనాలంటే ఎంత తెలిసుండాలి, ఎంత లోపల ఉండాలి, అన్నయ్య నా చీర కొంగు పట్టుకుని లాగాడు, ఎడమచేత్తో, గట్టిగానే లాగాడు, అవును చెప్పు తోకా, ఇంకా చెప్పు అంటున్నాడు, నీళ్ళు అన్నాడు మళ్ళీ, వింటున్నారా, రెండోసారి, అదే మాట, నిలకడగా, మంగళవారాలు పోయాయి, పాలు పోయాయి, పట్టుకున్నాడు దారి, నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఈ మాట వదినకి ఫోన్ చేసి చెప్పాలి, పెద్ద ఎడిటర్‌కి చెప్పాలి, బల్ల తుడిచినందుకు ఫలితం, నీళ్ళు అన్నాడు మూడోసారి, ఈసారి సగం శబ్దమే వచ్చింది, చివర గాలి.

ఆ అమ్మాయి నా మాట వినడంలేదు, ఎప్పటినుంచి వినడంలేదో తెలీదు, అట్ట బల్ల మీద బోర్లా పెట్టేసింది, అన్నయ్య మూతి వంక చూస్తోంది, నేను గ్రీకు కోర్టులో కుండ పట్టుకుని నిలబడి ఉన్నాను, ఆవిడ ఎటు చూస్తోందో అటు నేనూ చూశాను, పెదవులు, అన్నయ్య పెదవులు, తెల్లగా పొరలు లేచి, మూలల్లో పగిలి, నాలుక మళ్ళీ వచ్చి తడుముకుని తడి దొరక్క వెనక్కి పోతోంది, నాలుక చివర ఆడింది మాట కాదు, నా నోట్లో కాఫీ తియ్యగా ఉంది ఇంకా, వరండాలో ఒకటి, ఆ తర్వాత ఇంకోటి, ఆయన పక్కనే కూర్చుని తాగాను, సంచీ కాళ్ళ దగ్గరుంది, ఎత్తితే బరువుగా వచ్చింది, వదిన పొద్దున ఎంత బరువుతో ఇచ్చిందో అంత బరువు, ఇంట్లోంచి బయల్దేరి, బస్సెక్కి, బస్సు దిగి, బెంచీ మీద కూర్చుని, అంబులెన్స్ విని, ఆయన సంచీ వంక చూశాడు కదా గదిలోకి రాగానే, నేను చూసి కూడా భయపడకు అన్నాను, బల్ల అంచు తడిమాడు, చెయ్యి పట్టుకుని ఆపాను, కొంగు లాగాడు, చెప్పమంటున్నాడనుకున్నాను, ఆయన అడగలేడు నువ్వే కనిపెట్టుకుని ఉండు అంది వదిన, అడగలేడన్నవాడు అడిగాడు, మూడుసార్లు అడిగాడు, నేను ఆ మాటని పట్టుకుని రెండు వేల ఏళ్ళ వెనక్కి పరిగెత్తాను.

సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి, ఫ్లాస్కు మూత తిరగలేదు, ఆ అమ్మాయి తీసుకుని తిప్పి ఇచ్చింది, జావలా చిక్కటి నీళ్ళు కప్పులోకి మెల్లగా జారాయి, గడ్డం కొంచెం కిందకి పెట్టించండి మేడమ్ అంది, పెట్టించాను, చెంచా, అవును చెంచా, మంగళవారం, ఇది ఎందుకు మంగళవారమైందో నాకు తెలీదు, మూలం తెలియదు, అన్నయ్యా నాకు తెలీదు, మొదటిసారి ఆ మాట అనుకుంటే గుండె తేలికయింది, నీడ పాత అర్థమో పక్కింటి తలుపో తెలీదు, కెమెరా ఎందుకు గదైందో తెలీదు, కథ బాగుంటే నిజమైపోతుందా తోకా, వదినకి ఆశ పెట్టిన కథ అది, నాకు కావాలని నేను రాసుకున్న కథ, లోపల అన్నయ్య ఉన్నాడా లేడా అని వేళ్ళ దాకా తవ్వుకుంటూ పోయాను, ఆయన ఇక్కడే ఉన్నాడు, పైనే ఉన్నాడు, ఎండిన పెదవుల దగ్గర నిలబడి దాహం వేస్తోందని చెల్లెలికి చెప్తున్నాడు, చెంచా నోటికి అందించాను, మింగాడు, ఆ మింగడం కింద గొంతులో నాకు కనిపించింది, ఇంకో చెంచా, ఆ అమ్మాయి పెన్సిల్ తీసుకుంది, పిల్లికీ చెంచాకీ బస్సుకీ గడియారానికీ ఏం గీసిందో నేను చూడలేదు, సార్ నీళ్ళడిగారు అంది, అడిగారు అన్న మాట కాస్త నొక్కి పలికింది, ఈ గదికి వచ్చినప్పట్నించీ ఆయన నోటంట తనకి కావలసింది రావడం ఇదే మొదలు మేడమ్, వచ్చే వారం బొమ్మలు వద్దు, ఇక్కణ్ణించి మొదలుపెడదాం, వచ్చే వారం అంది, విన్నాను, విన్నానుగానీ చెంచా మీంచి కళ్ళు తిప్పలేదు, అలా వంగి ఉంటే అన్నయ్య కంట్లో ఒక ఆడమనిషి కప్పు పట్టుకుని కనిపించింది, చాలా చిన్నగా, చిన్నప్పుడు ఇదే చూపించి కంటిపాపంటే ఏంటో చెప్పాడు, రోమన్లకి కూడా అది చిన్న బొమ్మే అని, ఆ మాట లాటిన్‌లో పైకొచ్చింది, రానిచ్చాను, పోనిచ్చాను, కప్పు ఖాళీ అయింది, అన్నయ్య పెదవులు తుడిచాను, ఆయన కప్పు వంక చూసి, నా వంక చూసి, ఇంకా అన్నాడు, పోశాను.